విశాఖకు ప్రతిపక్షం కావాలి

విశాఖపట్నంలో తెన్నేటి పేరు తెలియని ఆటోవాడు ఉండడు. జోడుగుళ్లపాలెం దగ్గర కొండ అంచున, సముద్రంలోకి తొంగిచూస్తున్నట్టుండే పార్కు పేరది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ ఓడొకటి కొట్టుకొచ్చి అక్కడి రాళ్ల మీదికెక్కినప్పుడు రాష్ట్రమంతా ఆ పేరు విన్నది. ఆ తెన్నేటి ఎవరని పార్కు గట్టు మీద పల్లీలు తింటున్న కుర్రాళ్లను అడగండి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆయన పేరును పార్కుకు తగిలించి, ఆయన చేసిన పనిని మాత్రం ఈ ఊరి బుర్రలోంచి తుడిచిపెట్టిన వాళ్లది.

ఆయన చేసిన పని ప్రతిపక్షం. తెన్నేటి విశ్వనాథం తన రాజకీయ జీవితంలో ఎక్కువ కాలం ప్రభుత్వాలకు ఎదురుగానే నిలబడ్డారు. ఈ ఊరికి ఉక్కు ఫ్యాక్టరీ దక్కిందంటే అలా ఎదురు నిలిచిన మనుషుల వల్ల దక్కింది. ఇవాళ ఆ ఫ్యాక్టరీ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, దాని తరఫున చట్టసభలో ఎదురు నిలబడి నిలదీసేవాడు కరువయ్యాడు. నా కోపం దాని మీదే.

ఆయన 1895లో విశాఖ జిల్లా లక్కవరంలో పుట్టారు. న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లకు వెళ్లివచ్చినవారు. టంగుటూరి ప్రకాశం పంతులు వెంట నడిచారు. ప్రకాశం వెంట నడవడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అధికారం దగ్గరికొచ్చి చేజారిపోయే దారి అది. 1947లో మద్రాసు ప్రధాని పదవి నుంచి ప్రకాశాన్ని దించింది ఆయన సొంత కాంగ్రెస్ వాళ్లే. 1952 ఎన్నికల్లో 375 సీట్ల మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ప్రకాశం నాయకత్వంలో ప్రతిపక్షాలన్నీ ఒక్కటై, మెజారిటీ మాకుందన్నాయి. అయినా గవర్నరు రాజాజీని పిలిచి గద్దె ఎక్కించారు. ఇంత జరిగినా తెన్నేటి ఆ ముసలాయన్ని వదిలి గెలిచిన పక్షం పంచన చేరలేదు. ప్రకాశం 1957లో కన్నుమూశాక ‘నా జీవిత యాత్ర’ చివరి భాగం రాసి, తన నాయకుడి కథ పూర్తి చేసిన కలం తెన్నేటిదే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం ముఖ్యమంత్రి, తెన్నేటి ఆర్థిక, న్యాయ శాఖల మంత్రి. పదమూడు నెలలు తిరిగీ తిరగకముందే ప్రభుత్వం పడిపోయింది. మద్యనిషేధం మీద రామమూర్తి కమిటీ ఇచ్చిన నివేదికను అమలు చేయలేదని, కల్లుగీత కార్మికుల బతుకులు చితికిపోతున్నాయని గౌతు లచ్చన్న అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఒక్క ఓటుతో నెగ్గింది. ఆ ఒక్క ఓటుతో తెన్నేటి మంత్రి పదవీ పోయింది.

లచ్చన్నది సోంపేట దగ్గరి బారువ. తెన్నేటిది విశాఖ. ఇద్దరూ ఉత్తరాంధ్ర బిడ్డలే. ఒకరు పెట్టిన తీర్మానంతో రెండోవారి కుర్చీ పోయింది. ఇవాళైతే ఏమయ్యేదో ఊహించండి. కేసులు, బూతులు, ఇళ్ల మీదికి బుల్డోజర్లు, కుటుంబాల్లోని ఆడవాళ్ల మీద నోరు పారేసుకోవడాలు. ఆనాడు అలా జరగలేదు. పన్నెండేళ్ల తర్వాత ఉక్కు కోసం రాష్ట్రం లేచినప్పుడు ఆ ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. నాకు మాత్రం ఆ తరం గురించి ఇంతకంటే పెద్ద సంగతి లేదు. వాళ్లకు ప్రభుత్వాన్ని పడగొట్టడం తెలుసు. పడగొట్టినవాడితో కలిసి ఊరి కోసం నిలబడటమూ తెలుసు.

ఆ ఉక్కు కథ ఈ ఊళ్లో అందరూ తలా ఒక ముక్క చెబుతారు, మొత్తం చెప్పేవాళ్లు తగ్గిపోయారు. 1965లో ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం చూసి, కొత్త ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖపట్నమే అనువైన చోటని తేల్చింది. కేంద్రం నీళ్లు నమిలింది. 1966 జులైలో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. కేంద్రం మళ్లీ నీళ్లు నమిలింది. ఢిల్లీలో కాంగ్రెస్, హైదరాబాదులో కాంగ్రెస్, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్. ‘మన ప్రభుత్వమే కదా, అడిగితే ఇస్తారు’ అని ఆనాడూ చెప్పారు. ఇవాళ చెబుతున్న ‘డబుల్ ఇంజిన్’ మాట కొత్తదేమీ కాదు. అప్పటి ఇంజిన్లు రెండూ ఒకే పట్టాల మీద ఉన్నాయి, అయినా బండి కదల్లేదు.

కదిలించింది టి. అమృతరావు నిరాహార దీక్ష. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఆయన 1966 అక్టోబరు 15న విశాఖలో దీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా గోడల మీదికెక్కింది. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. సరిగ్గా పదేళ్ల కిందట అదే రోజున ఆంధ్రప్రదేశ్ పుట్టింది. రాష్ట్రం పదో పుట్టినరోజున, రాష్ట్రానికి ఒక ఫ్యాక్టరీ అడిగినందుకు, ఆ రాష్ట్ర పోలీసుల తూటాకు ఒరిగినవాళ్లలో తొమ్మిదేళ్ల బడిపిల్లాడు ఉన్నాడు. ఉద్యమం ముగిసేసరికి రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారు.

తెన్నేటి ఆ ఉద్యమానికి పెద్దదిక్కు. అప్పటికి ఆయనకు డెబ్బై ఒక్కేళ్లు. ప్రతిపక్షాలకు చెందిన 67 మంది శాసనసభ్యులు, ఏడుగురు పార్లమెంటు సభ్యులు పదవులు వదిలేశారు. కమ్యూనిస్టులున్నారు, వాళ్లంటే గిట్టని స్వతంత్ర పార్టీ వాళ్లున్నారు, ఏ పార్టీకీ చెందనివాళ్లున్నారు. భూసంస్కరణల మీద వీళ్లలో ఏ ఇద్దరికీ పొసగదు. ఉక్కు మీద పొసగింది.

‘ఎన్నికలు ఎలాగూ మూడు నాలుగు నెలల్లో ఉన్నాయి, రాజీనామా చేస్తే పోయిందేముంది’ అని అనేవాళ్లున్నారు. ఈ వాదనకు జవాబు 1967 ఫలితాల్లో ఉంది. రాజీనామా చేసినవాళ్లకు జనం పట్టం కట్టలేదు. కాంగ్రెస్ 165 సీట్లతో తిరిగొచ్చింది. 1962లో 51 మంది ఉన్న కమ్యూనిస్టులు, రెండు పార్టీలుగా చీలిపోయి, రెండూ కలిపి ఇరవై మంది మిగిలారు. చీలిక ఒక కారణమే, కాదనను. కానీ లెక్క మాత్రం స్పష్టం: ఉక్కు కోసం సీట్లు వదిలిన ప్రతిపక్షానికి ఆ ఉద్యమంతో అధికారం రాలేదు, మొత్తం మీద సీట్లు పెరగలేదు. వచ్చిందల్లా ఊరికి వచ్చింది.

విశాఖ ఓటర్లు మాత్రం తమ మనిషిని గుర్తుపట్టారు. 1967లో కాంగ్రెస్ టిక్కెట్టు లేని తెన్నేటిని లోక్‌సభకు పంపారు. అక్కడ ఆయన వెంటపడ్డారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ ప్రకటించారు. ఆ డిసెంబరులో లోక్‌సభ రద్దయింది, తెన్నేటి సభ్యత్వమూ పోయింది. 1971 జనవరి 20న, ఎన్నికల వేడిలో, ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఆ రాయి రాయిగానే ఏళ్ల తరబడి పడి ఉంది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, అదే ఏడు తెన్నేటి పోయారు. ‘గోదావరి’ అని పేరుపెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసులో నిప్పు రాజుకునేసరికి 1990 వచ్చింది. కరిగిన ఇనుము ఎలా ఎర్రగా పారుతుందో ఆయన చూడనే లేదు.

ఎర్రగా పారే ఆ ఇనుము గురించి ఇంకొకటి చెప్పాలి. అరవై నాలుగు గ్రామాల నుంచి ఇరవై వేల ఎకరాలకు పైగా తీసుకుని కట్టిన ఫ్యాక్టరీ అది. భూములిచ్చినవాళ్లకు ఇంటికో ఉద్యోగం అన్నారు, నిర్వాసితులుగా గుర్తిస్తూ ఆర్ కార్డులు ఇచ్చారు. లామినేషన్ చేయించి, బీరువాలో పట్టు చీర మడతలో దాచి, తాత చేతి నుంచి మనవడి చేతికి వస్తున్న ఆ కార్డులు ఈ రోజుకీ గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో ఉన్నాయి. చాలామందికి ఉద్యోగం రాలేదు. ఫ్యాక్టరీకి సొంత ఇనుప ఖనిజం గనీ రాలేదు. బైలదిల్లా ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా రైలు పెట్టెల్లో ఈ ఊరికే వస్తుంది. ఆ రైలుమార్గం వేసిందే జపానుకు ఖనిజం ఓడలకెత్తడానికి. తన ముంగిట్లోంచి పోతున్న ఖనిజాన్ని ఈ ఫ్యాక్టరీ మార్కెట్టు ధరకు కొనుక్కోవాలి. దేశంలో ప్రైవేటు ఉక్కు కంపెనీలకు సొంత గనులున్నాయి, కేంద్రానిదే అయిన సెయిల్‌కు సొంత గనులున్నాయి. దీనికి మాత్రం లేవు. చేతులు కట్టేసి పరుగు పందెంలో దింపి, తర్వాత ‘నష్టాల్లో ఉంది, అమ్మేద్దాం’ అన్నారు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలు. ఆ శిబిరం చూసినవాళ్లకు తెలుసు: ఎండకు వెలిసిపోయిన షామియానా, అరిగిపోయిన పట్టాలు, అమరవీరుల ఫోటోకు ఎండిపోయిన బంతిపూల దండ, షిఫ్టు దిగి యూనిఫారంతోనే వచ్చి కూర్చునే కార్మికులు, మైకులో మాట్లాడి మాట్లాడి బొంగురుపోయిన గొంతులు. వాళ్లు తమ వంతు పని చేశారు. అడగాల్సిన చోట అడగాల్సినవాళ్లు ఏం చేశారు?

2021 మే 20న అమ్మకానికి వ్యతిరేకంగా శాసనసభ తీర్మానం చేసింది. 1966 జులై తర్వాత ఈ ఫ్యాక్టరీ కోసం సభ నోరు తెరిచిన పెద్ద సందర్భం అది. ఆ రోజు ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం సభలో లేదు, ఆ సమావేశాన్నే బహిష్కరించింది. తీర్మానం ఏకగ్రీవమైంది. ఎవరూ నిలదీయని సభలో తీర్మానం ఏకగ్రీవమైతే దాని బరువెంత? ‘తీర్మానం సరే, ఢిల్లీలో మీ ఎంపీలు ఏ రోజు సభ స్తంభింపజేశారు? గని కోసం ఏ తేదీన ఎవరికి లేఖ రాశారు?’ అని ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కళ్లలోకి చూసి అడగాల్సిన మనుషులు ఆ రోజు వేరే చోట మాక్ అసెంబ్లీ నడుపుకున్నారు.

ఆ నవంబరులో చంద్రబాబునాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే ఈ సభకు వస్తానని శపథం చేసి వెళ్లిపోయారు. తనను, తన కుటుంబాన్ని అవమానించారని ఆయన బాధపడ్డారు. ఆ బాధ నిజమే, ఆ సభలో దొర్లిన మాటలు నీచమైనవే. కానీ ప్రతిపక్ష నాయకుడి కుర్చీ ఆయన సొంతిల్లు కాదు, అలిగి తాళం వేసి పోవడానికి. అంతకుముందు 2017 నుంచి జగన్ చేసిందీ అదే. 2014లో ఆయన పార్టీకి దక్కింది 67 సీట్లు. వాళ్లలో 23 మంది గోడ దూకారు, నలుగురు మంత్రులయ్యారు. కొన్న పాలకపక్షానిది పాపం, సందేహం లేదు. దానికి సమాధానంగా మిగిలినవాళ్లు సభకే పోకుండా మానేశారు. 1966లో 67 మంది ఊరి కోసం కుర్చీలు వదిలారు. వీళ్ల 67లో కొందరు కుర్చీ కోసం పార్టీని వదిలారు, మిగిలినవాళ్లు సభను వదిలారు, జీతం మాత్రం వదల్లేదు. సభ నుంచి బయటికి పోవడం రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది. తెన్నేటి కాలంలో బయటికి పోయినవాళ్లు పదవి పోగొట్టుకుని పోయారు, ఊరి కోసం ఒక్క కోరికతో పోయారు. వీళ్లు పదవి జేబులో పెట్టుకుని, తమ గౌరవం కోసం పోయారు.

2024లో జగన్ పార్టీకి పదకొండు సీట్లు వచ్చాయి. ప్రతిపక్ష నాయకుడి హోదాకు పదో వంతు సభ్యులు కావాలన్న ఆనవాయితీ అడ్డొచ్చింది. హోదా కోసం ఆయన హైకోర్టుకు వెళ్లారు. హోదా ఇవ్వనిదే సభకు రానన్నారు. హోదా ఇవ్వకపోవడం అధికారపక్షం సంకుచితత్వమే. కానీ 1967లో లోక్‌సభలో తెన్నేటికి ఏ హోదా ఉంది? క్యాబినెట్ ర్యాంకు ఉందా, కాన్వాయ్ ఉందా? ఒక సీటు, ఒక మైకు, ఈ ఊరి పేరు. అంతే ఉన్నాయి.

నిజంగా రాజీనామా ఇచ్చినవాళ్లు లేరా అంటే, ఒకరున్నారు. 2021 ఫిబ్రవరిలో విశాఖ ఉత్తరం శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు ఉక్కు కోసమని రాజీనామా పంపారు. స్పీకరు దాన్ని మూడేళ్లు బల్ల సొరుగులో పెట్టి, 2024 జనవరిలో, తమకు రాజ్యసభ ఎన్నికల లెక్కలు దగ్గరపడ్డాక ఆమోదించారు. ఒంటరి రాజీనామాకు పట్టే గతి అది. 67 మందీ ఏడుగురూ కలిసి కదిలితే ఏ స్పీకరు సొరుగూ సరిపోదు.

ప్రతిపక్షం ఉక్కు గొడవ దగ్గరే ఆగిపోదు. వన్‌టౌన్‌కు వెళ్లి చూడండి. పోర్టు బొగ్గు గుట్టల మీద గాలి లేచిన రోజున కిటికీ రెక్క తుడిచిన గుడ్డ నల్లగా తిరిగొస్తుంది. ఆరేసిన తెల్ల పంచె మీద మధ్యాహ్నానికి సన్నటి పొర. కుళాయి గట్టు మీద, మల్లె మొక్క ఆకుల మీద, పసిపిల్లాడి పాలసీసా మూత మీద అదే నలుపు. తరాలుగా ఆ నలుపు పీలుస్తున్నవాళ్లు విశాఖ దక్షిణం ఓటర్లు. 2019లో వాళ్లు ప్రతిపక్షం మనిషిని గెలిపించారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2020లో, వాసుపల్లి గణేష్ కుమార్ పాలకపక్షం వైపు నడిచారు. ఆయన వెంట వాళ్ల ఫిర్యాదు కూడా నడిచిపోయింది. పోర్టు కేంద్రానిది, కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్రానిది. రెంటినీ ఒకే ప్రశ్నతో కట్టేసి అడగగలిగినవాడు రెంటికీ చెందనివాడే. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్ ఆర్ వెంకటాపురం మీద కమ్ముకున్న తెల్లవారుజామున జనం రోడ్ల మీద పడిపోయారు. ఆ ఊళ్లోకి ప్రతి పార్టీ వచ్చింది, పరామర్శించింది. ఫ్యాక్టరీల భద్రత మీద ఏడాదికి ఒక్క రోజైనా సభలో పట్టుబట్టి చర్చ పెట్టించిన పార్టీ ఏది?

తెన్నేటి లోక్‌సభకు వెళ్లిన 1967లోనే, సముద్రానికి ఆవల ఆస్ట్రేలియాలో గాఫ్ విట్లమ్ అనే ఆయన ప్రతిపక్ష నాయకుడయ్యారు. దాదాపు ఆరేళ్లు ఆ పనిలో ఉన్నారు. ఆయన అలగలేదు. సిడ్నీ పశ్చిమ శివార్లలో కొత్తగా వెలిసిన కాలనీలకు మురుగు కాలువలు లేవు, ఇళ్ల వెనక గుంటలే గతి. ప్రధాని కావాలనుకునేవాడు మురుగు గురించి మాట్లాడటమేమిటని పెద్దలు చిన్నచూపు చూస్తున్నా, ఆయన ఏళ్ల తరబడి అదే మాట్లాడారు. బడులు, ఆసుపత్రులు, మురుగు కాలువలు: అధికారంలో లేనప్పుడే ప్రతిదానికీ పథకం రాసుకున్నారు. 1969లో ఓడిపోయారు, రాసుకోవడం ఆపలేదు. 1972లో గెలిచిన వెంటనే పని మొదలుపెట్టగలిగారంటే అందుకే. 1975లో గవర్నర్ జనరల్ ఆయన్ని తొలగిస్తే తిరిగి అదే ప్రతిపక్ష కుర్చీలో కూర్చుని మరో రెండేళ్లు అదే పని చేశారు. ఆ కుర్చీ ఆయనకు నామోషీ అనిపించలేదు. మన నాయకులకు మాత్రం ప్రతిపక్షం అంటే శిక్ష. ఐదేళ్లు ఎలాగో గడిపేసి, ఎదుటివాడి మీద జనానికి విసుగు పుడితే కుర్చీ దానంతటదే వస్తుందని కూర్చుంటారు. ఆ ఐదేళ్లూ మన ఊరి ఆయుష్షులోంచి పోతున్నాయి.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. స్వీట్లు పంచారు, పూలదండలు వేసుకున్నారు. ఆ డబ్బు కార్మికుల పోరాటం వల్ల వచ్చింది, ఆ ఘనత ఎవరూ కాజేయకూడదు. కానీ అదే సంవత్సరం వేలమంది కాంట్రాక్టు కార్మికులను గేటు బయట నిలబెట్టారు. అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేశామని కేంద్ర మంత్రివర్గం ఒక్క వాక్యం రాసి ఇవ్వలేదు. గని ఇవ్వలేదు. ఢిల్లీలో ప్రభుత్వాన్ని నిలబెడుతున్న తెలుగుదేశం పదహారు మంది ఎంపీలు ‘మన ప్రభుత్వమే కదా’ అంటున్నారు. నలుగురు లోక్‌సభ సభ్యులున్న జగన్ పార్టీ కాసేపు బీజేపీని, కాసేపు చంద్రబాబును చూసి లెక్కలు వేసుకుంటోంది. ఈ రెంటి మధ్యా వామపక్షాలకు శాసనసభలో ఒక్క సీటూ లేకుండా చేసుకున్నది మనమే. ఆ నేరంలో ఓటర్లకూ వాటా ఉంది.

కాబట్టి నేను అడుగుతున్నది స్పష్టంగా అడుగుతున్నాను. జగన్ గారూ, పదకొండు మందితో వచ్చే సమావేశాల మొదటి రోజునే సభలోకి రండి. హోదా లేకపోతే చివరి బెంచీలోంచి అడగండి. మైకు కట్ చేస్తే గొంతెత్తి అడగండి. ఆర్ కార్డుల జాబితా తెచ్చి ఊరి వారీగా ఎందరికి ఉద్యోగం వచ్చిందో చదివించండి. తొలగించిన కాంట్రాక్టు కార్మికుల సంఖ్యను మంత్రి నోటితో సభలో చెప్పించండి. చంద్రబాబు గారూ, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వదిలేసిన ప్రశ్నను అధికారంలో ఉండగా మీరే మోయాలి: అమ్మకం నిర్ణయం రద్దయిందని రాతపూర్వకంగా తెండి, బైలదిల్లాలోనో ఒడిశాలోనో సొంత గని తెండి. మీ పదహారు మంది ఎంపీల మద్దతు మీద ఆధారపడ్డ ప్రభుత్వం దగ్గర ఇంతకంటే బలమున్న రోజు మీకు మళ్లీ రాదు. కూర్మన్నపాలెం శిబిరం మనుషులు ఈ రెండు జవాబుల కోసం చూస్తున్నారు, 2029 నామినేషన్ల రోజు దాకా చూస్తారు.